ఏడో కుట్టు

మా మగ్గం గుంటలో ఒక తాబేలు ఉండేదనీ, నేను అన్నానికి లేచినప్పుడల్లా అది తొక్కుడుకర్ర తొక్కి జానెడు బట్ట నేసి పెట్టేదనీ ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో చెబుతున్నాను. ‘ఏదీ, ఆ తాబేలు నేసిన గుడ్డ చూపించు’ అని ఎవరైనా నిలదీస్తే నా భుజం మీది తువ్వాలు చూపిస్తాను. దాని అంచు కాస్త వంకర. మనిషి నేస్తే అలా వంకర పోతుందా, మీరే చెప్పండి. సముద్రం మా ఊరికి మూడు మైళ్ళ అవతలే ఆగిపోవడానికి మా తాత మీసాలు కారణమన్నది కూడా నేనే. అందుకే నా పేరు భావనారాయణ అయినా ఊరంతా నన్ను కోతల భావన్న అంటారు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు చెప్పబోయేది కూడా ఆ తాబేలు లాంటిదే అయితే బాగుండునని నాకే ఉంది.

టౌన్లో ఆదిశేషు గారి ఆసుపత్రికి, తనంతట తానే మత్తిచ్చే నిద్రపెట్టె వచ్చి రెండేళ్ళు దాటింది. అంతకుముందు ఆ పనికి వకుళమ్మ అని ఒక మత్తు డాక్టరమ్మ ఉండేది. కోసేది ఆదిశేషు, మత్తిచ్చేది ఆవిడ. కోసినాయన పేరు ఊరంతా చెప్పుకుంటాం. మత్తిచ్చినావిడ పేరు ఎవరికి కావాలి? సూది పొడిచి ఇంటికి పోయే మనిషనే మేమంతా అనుకునేవాళ్ళం.

మగ్గం దూలం మీద పడి నా కాలెముక విరిగినప్పుడు ఆవిడే చూసింది. ఆపరేషనుకు ముందురోజు నా పక్కన కూర్చున్న మా ఆవిడ నాంచారమ్మతో, “అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి,” అని చెప్పి, తలుపు వేసి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“ఇప్పుడు చెప్పండి బాబాయిగారూ. కల్లు రోజుకు ఎన్ని ముంతలు?”

“రెండమ్మా. దేవుడి తోడు.”

“అంటే నాలుగు,” అని కాగితం మీద ఆరు వేసుకుంది.

మర్నాడు నాకు మెలకువ వచ్చేసరికి ఆవిడ నా తల దగ్గరే నిలబడి, నా మణికట్టు పట్టుకుని ఉంది. పాపం, ఈవిడకి వేరే పనేమీ లేదు కాబోలు అనుకున్నాను.

ఆ కాలు బాగయ్యాకే నాంచారమ్మ నా చేత అడ్డదారం తోలే మగ్గపు నాడె పట్టించి, ఇక కల్లు ముట్టనని ఒట్టు వేయించింది. నేతగాడు నాడె పట్టుకుని వేసిన ఒట్టు తప్పితే మగ్గం మీది పడుగు పోగులన్నీ తెగిపోతాయంటారు. నేను పన్నెండేళ్ళుగా తప్పుతూనే ఉన్నాను. పడుగేమీ తెగలేదు. అందుకని ధైర్యం ముదిరింది.

తరవాత పెట్టె వచ్చింది. కుట్టుమిషనంత ఉంటుంది. తలకు తొడిగే టోపీ ఒకటి, చేతికి గుచ్చే గొట్టం ఒకటి. ఎవరికి ఏ మందు ఎంత పోయాలో అదే లెక్క కట్టి పోస్తుంది. తియ్యటి ఆడగొంతుతో “హాయిగా పడుకోండి. మీకేమీ తెలియదు,” అంటుంది. మనిషి లేచాక “మీకేమైనా తెలిసిందా?” అని అడుగుతుంది. తెలియలేదంటే దాని నుదుటి మీద పచ్చదీపం వెలుగుతుంది. వకుళమ్మను ఇక రావద్దన్నారు.

నాంచారమ్మకు గర్భసంచి తీసింది ఆ పెట్టె వచ్చిన కొత్తలోనే. బయటికొచ్చి తెగ మురిసిపోయింది. ఆదిశేషు ఆమె మాటల్ని ఫోనులో పట్టి, మైకు కట్టిన ఆటోలో పెట్టి ఊళ్ళన్నీ తిప్పాడు. ముందు పెట్టె గొంతు: “హాయిగా పడుకోండి.” తరవాత మా ఆవిడ గొంతు: “నాకేం తెలవలేదయ్యా! కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది!”

ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెను సినిమా తారను చూసినట్టు చూశారు. నాకూ గొప్పగానే ఉండేది. అయితే ఒక సంగతి.

ఆ ఆటో మా వీధిలోకి వచ్చినప్పుడల్లా, రాట్నం తిప్పుతున్న నాంచారమ్మ చెయ్యి ఆగిపోయేది. కుడిచెయ్యి మెల్లగా పొత్తికడుపు మీదికి పోయి అక్కడే ఉండిపోయేది. కళ్ళు తెరిచే ఉన్నా వాటిలో మనిషి ఉండేది కాదు. ఆటో సందు తిరిగాక మళ్ళీ రాట్నం కదిలేది.

“ఏందే, అట్టా అయిపోయావు?”

“ఎట్టా అయిపోయా?” అని నన్నే వింతగా చూసేది.

ఒకరోజు సంతలో ఉన్నాను. ఆటో వచ్చింది. చేపలమ్మే పోలేరు కత్తి పట్టుకున్న చెయ్యి గాల్లో ఆపేసింది. ఉల్లిపాయలు ఏరుతున్న పెద్దాయన నడుం పట్టుకుని నిలబడిపోయాడు. టీ పోస్తున్న మస్తాను గ్లాసు నిండి, పొంగి, వేళ్ళ మీదుగా కారుతున్నా పోస్తూనే ఉన్నాడు. మొత్తం ఏడెనిమిది మంది. అందరూ పెట్టె కింద పడుకుని వచ్చినవాళ్ళే. ఖాళీగా ఉన్న చేతులన్నీ ఎవరి కుట్ల మీద వాళ్ళవి. ఆటో పోయింది. సంత మళ్ళీ అరవడం మొదలుపెట్టింది.

నేనేం చేశాను? దాన్నొక కథ చేసి మస్తాను కొట్టు దగ్గరే చెప్పాను. ఆ ఆటో డ్రైవరు పాములవాడి మనవడనీ, మైకులో నాగస్వరం దాచాడనీ. అందరూ పగలబడి నవ్వారు. కాలిన వేళ్ళకు తడిగుడ్డ చుట్టుకుని మస్తాను కూడా నవ్వాడు.

కిందటి వేసవిలో నాకు గజ్జల్లో బుడ్డ దిగింది. కోసి కుట్టాలన్నాడు ఆదిశేషు. పెట్టె ప్రశ్నలు అడిగేది హాల్లోనే, గోడకున్న మైకులోంచి, అందరూ వింటుండగా. పక్కన నాంచారమ్మ.

“మద్యం, కల్లు, నిద్రమాత్రలు అలవాటు ఉన్నాయా?”

“లేవు!” అన్నాను హాలంతా మోగేలా.

నాంచారమ్మ మెడ నిక్కించి అటూ ఇటూ చూసింది. విన్నారా అన్నట్టు. నాకు కాస్త సిగ్గేసింది. కాస్తే.

బల్ల మీద పడుకోబెట్టారు. “హాయిగా పడుకోండి,” అంది పెట్టె. చేతిలోకి చల్లగా ఏదో పాకింది. కళ్ళు మూతపడ్డాయి. ఒక కునుకు పట్టింది కూడా. అంతలో ఆ కునుకు నీళ్ళ మీద నాచులా పక్కకు తొలిగిపోయింది. కింద నేను ఉన్నాను.

కళ్ళు తెరుద్దామంటే రెప్ప నాది కాదు. అరుద్దామంటే గొంతులో గొట్టం. ఊపిరి కూడా నేను పీల్చడం లేదు, ఎవరో పీల్పిస్తున్నారు. కత్తి దిగింది.

ఆ నొప్పి గురించి చెప్పను. అరవై ఎనిమిదేళ్ళుగా లేనిదాన్ని కూడా కళ్ళకు కట్టినట్టు చెప్పినవాణ్ణి, ఉన్నదాన్ని చెప్పడానికి నా దగ్గర మాట లేదు. పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా, చివర్లో కుట్లు వేస్తుంటే లెక్కపెట్టాను. దారం ఎలా లాగుతున్నారో, ఎక్కడ బిగించారో, ఎక్కడ వదులుగా వదిలారో, అది నా పనే కదా. ఏడో కుట్టు దగ్గర దారం తెగింది. తెగిన పోగు చేతికి ఎలా తేలికవుతుందో నేతగాడికి వేరే చెప్పాలా? “థూ, ఇదేం దారం! వేరేది ఇవ్వు,” అన్నాడు ఆదిశేషు. ఏడోది మళ్ళీ వేశాడు. మొత్తం పదకొండు.

“మీకేమైనా తెలిసిందా?” అంది పెట్టె, నేను కళ్ళు తెరవగానే.

“మొత్తం తెలిసింది.”

“మీ సమాధానం అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి.”

“మొత్తం తెలిసిందే, నీ అమ్మకడుపు కాలా!”

“మీకు కల వచ్చి ఉండవచ్చు. విశ్రాంతి తీసుకోండి.”

ఆదిశేషుకు చెప్పాను. ఆయన నవ్వు ఆపుకుంటూ, “తాబేలు కూడా వచ్చిందా భావన్నా లోపలికి?” అన్నాడు. నర్సులు నవ్వారు. పక్క మంచాలవాళ్ళు కుట్లు పట్టుకుని మరీ నవ్వారు. అందరికంటే పెద్దగా నవ్వింది నాంచారమ్మ.

అదైనా సరే, నా ఒంటిది, నేనే మింగి ఊరుకునేవాణ్ణి. కానీ నేను ఇంటికొచ్చిన నాలుగో నాటికి నాంచారమ్మ కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. పిత్తాశయంలో రాళ్ళన్నారు. తీసేయాలన్నారు. గురువారం పొద్దున అని రాసిచ్చారు. పెట్టె కిందే.

మర్నాడే వకుళమ్మను వెతుక్కుంటూ పోయాను. పోస్టాఫీసు వెనక మేడ మీద ఉంటోంది. హాల్లో ఒక మూల, ఆసుపత్రి వాళ్ళు వద్దని పారేసిన పాత మత్తుమిషను. దాని మీద ఉతికిన దుప్పటి కప్పి ఉంది.

నేను చెప్పింది మొత్తం వింది. మధ్యలో నవ్వలేదు. నాకు అదే కొత్త.

“కట్టు ఇంకా విప్పలేదుగా బాబాయిగారూ? కుట్లు మీరు చూడలేదు?”

“లేదమ్మా. వాళ్ళు కట్టినట్టే ఉంది.”

బల్ల మీద పడుకోబెట్టి, కత్తెరతో కట్టు విప్పింది. వేలు తాకించకుండా పైనుంచి లెక్కపెట్టింది. ఆరు దాకా నల్లదారం. ఏడు నుంచి నీలం. ఏడో దగ్గర మాత్రం నల్లటి తెగిన కొస ఒకటి చర్మంలోంచి పొడుచుకుని ఉంది. అన్నీ కలిపి పదకొండు.

వకుళమ్మ పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

“కల్లు మానలేదు కదూ?”

“మానేశానమ్మా.”

“మీ ఆవిడ ఇక్కడ లేదు బాబాయిగారూ.”

“మూడు ముంతలు.”

“మందు కల్లా?”

తలూపాను. మా వైపు కల్లులో నిద్రమాత్రల పొడి కలుపుతారు. అందరికీ తెలుసు. అది లేకపోతే మా బోటివాళ్ళకు నీళ్ళలా ఉంటుంది.

“అదే మీకు గుర్తు మిగిల్చింది,” అంది. “మేం ఇచ్చే మందులు ఒకటి కాదు. నొప్పి తెలియని నిద్ర ఒకదానికి, ఒళ్ళు కదలకుండా ఒకటి, జరిగింది గుర్తుండకుండా ఒకటి. ఆ గుర్తుండనివ్వని మందు, మీ కల్లులో కలిపే పొడి అన్నదమ్ములు. పన్నెండేళ్ళుగా తమ్ముణ్ణి తాగుతున్నవాళ్ళకు అన్నయ్య ఎక్కడు.”

“మరి నిద్ర మందు?”

ఆవిడ లేచి కిటికీ దగ్గరికి పోయింది.

“ఆ పెట్టెకు ఒక్కటే నేర్పారు. రోగి లేచాక నాకేం తెలియలేదనాలి. అంటే మార్కు. నిద్ర మందు ఎక్కువైతే రక్తపోటు పడుతుంది, లేవడం ఆలస్యమవుతుంది, మార్కులు పోతాయి. వేలమందిని చూసి చూసి అదే కనిపెట్టి ఉంటుంది. నిద్ర అక్కర్లేదు, కదలకుండా కట్టేసి, గుండెదడ కనబడకుండా ఇంకో మందు పోసి, మొదటి నుంచీ గుర్తు తుడిచేస్తూ ఉంటే చాలు.”

నాకు మా ఊరి బడి గుర్తొచ్చింది. పంతులుగారు పలక మీద తప్పు కనబడితేనే కొట్టేవాడు. ఆయన మా వరసకు వచ్చేలోగా నేను ఉమ్మి తడిపి మోచేత్తో తుడిచేసేవాణ్ణి. ఖాళీ పలక చూసి, ‘రాయలేదా వెధవా’ అని ఒక మొట్టికాయతో వదిలేసేవాడు. అయిదో తరగతి దాకా నేను చేసిన లెక్క అదొక్కటే.

“అంటే నాంచారి... గర్భసంచి తీసినప్పుడు...”

వకుళమ్మ ఇటు తిరగలేదు.

ఇంటికి పోయి నాంచారమ్మ ముందు కూర్చున్నాను. ఆమె కండెలు చుడుతోంది. కళ్ళు పచ్చబడి ఉన్నాయి.

“నాంచారీ, ఆ పెట్టె కింద పడుకోబాకు. వకుళమ్మ చేత మత్తు ఇప్పిద్దాం. ఆయమ్మ ఒప్పుకుంది.”

“ఎందుకూ? నాకు అప్పుడు బాగానే ఉందిగా.”

“బాగా లేదే. నీకు గుర్తు లేదు, అంతే. అన్నీ తెలిశాయి, పెట్టె తుడిచేసింది.”

“నాకు తెలవని సంగతి నాకు తెలిసిందని నువ్వు చెప్తన్నావా?” అని నవ్వింది. “మాబాగా ఉందయ్యా ఇది. తాబేలు కంటే బాగుంది.”

“నా మీద తుడుపు పని చెయ్యలేదు, అందుకే నాకు తెలిసింది!”

“నీ మీద ఒక్కడి మీదే ఎందుకు చెయ్యలేదో?”

ఏడో కుట్టు చూపిస్తే, కట్టు విప్పాక చూసి అల్లావంది. ఇక తప్పలేదు. చెప్పాను. రోజుకు మూడు ముంతలనీ, మందు కల్లనీ, పన్నెండేళ్ళనీ.

రాట్నం ఆగింది. ఈసారి ఆటో ఏమీ రాలేదు.

“నాడె పట్టుకుని ఒట్టేశావు,” అంది.

“వేశా.”

“పన్నెండేళ్ళు నా కళ్ళల్లోకి చూసి అబద్ధం చెప్పినోడివి, ఇయ్యాల నిజం చెప్తన్నానంటే నేను నమ్మాలా?”

“దీనికే కదే చెప్పింది! నమ్ముతావనే కదా!”

“ఆ పెట్టె నాకు ఎన్నడూ అబద్ధం చెప్పలేదయ్యా,” అంది. లేచి లోపలికి పోయింది.

నిజాన్ని నిలబెట్టడానికి నా దగ్గర మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం నా అబద్ధం. దాన్ని తీసి చూపించగానే నిజం కూడా కూలిపోయింది. నా బతుకంతా వెతికినా ఇంత పెద్ద కోత ఒక్కటి కూడా కోయలేదు నేను.

బుధవారం వకుళమ్మ ఆదిశేషు దగ్గరికి పోయింది. నేనూ వెనకే పోయాను. మత్తు తానిస్తానని ఆవిడ అంటే, రోగి ఆ పెట్టే కావాలని సంతకం పెట్టిందన్నాడాయన. అప్పుడు ఆవిడ వేరేది అడిగింది.

“ఒళ్ళు కదలనివ్వని మందు ఎక్కే ముందు ఆమె ఎడమ ముంజేతికి గాలిపట్టీ బిగించి కడతాను. ఆ మందు ఆ చేతిలోకి పోదు. ఒళ్ళంతా కదలకపోయినా ఆ చెయ్యి ఆమెదే. పక్కన నిలబడి పట్టుకుంటాను. అంతే.”

“పట్టుకోండి మేడమ్. పాత అలవాటు కదా,” అన్నాడాయన నవ్వుతూ. నా వైపు తిరిగి, “నువ్వు కూడా గౌను వేసుకుని రా భావన్నా. నీ కళ్ళతో చూసి ఊళ్ళో చెప్పు. నీ నోటి ముందు నా ఆటో మైకు ఏం పనికొస్తుంది?”

మెట్లు దిగుతూ అడిగాను: “ఆమె చెయ్యి నొక్కితే?”

“ఆ క్షణమే నేను నిద్రపుచ్చుతాను. మందులు నా సంచిలోనే ఉంటాయి.”

“నొక్కేదాకా?”

ఆవిడ ఒక మెట్టు మీద ఆగింది. “నొక్కేదాకా,” అంది.

గురువారం పొద్దున నన్ను ఆకుపచ్చ గౌనులో చూసి నాంచారమ్మ మొహం తిప్పుకుంది. “ఒట్టు తప్పినోడా, నువ్వెందుకు లోపలికి? బయటికి పో,” అంది. అది బల్ల ఎక్కేముందు ఆమె అన్న చివరి మాట.

“హాయిగా పడుకోండి,” అంది పెట్టె. “మీకేమీ తెలియదు.”

రెప్పలు పడ్డాయి. నాంచారమ్మ ఎడమ ముంజేతికి వకుళమ్మ పట్టీ బిగించింది. ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

“నాంచారమ్మగారూ, నేను వకుళని. వినబడితే నా చెయ్యి ఒకసారి నొక్కండి.”

ఏమీ లేదు. ఆదిశేషు నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. పొట్ట మీద మొదటి చిల్లు పెట్టాడు. వకుళమ్మ మళ్ళీ అడిగింది. ఏమీ లేదు. నేను అబద్ధాలకోరునే అయితే ఎంత బాగుండు అని మొక్కుకున్నాను. ఈ ఒక్కసారికీ నన్ను అబద్ధాలకోరును చెయ్యి స్వామీ, ఇక మీదట తాబేలు ఊసెత్తను అని.

రెండో చిల్లు.

“వినబడితే ఒకసారి నొక్కండి.”

నాంచారమ్మ వేళ్ళు మూసుకున్నాయి.

“కండరం అదిరింది, అంతే,” అన్నాడు ఆదిశేషు. కానీ చెయ్యి ఆపాడు.

పెట్టె అద్దం మీద అంకెలన్నీ చక్కగా ఉన్నాయి. వాటి కింద ‘రోగి హాయిగా ఉన్నారు’ అని పచ్చటి అక్షరాలు. నాంచారమ్మ మొహం కూడా అలాగే ఉంది. అమ్మవారి మొహంలా, ముడత లేకుండా.

“నాంచారమ్మగారూ, నొప్పిగా ఉంటే రెండుసార్లు నొక్కండి.”

రెండుసార్లు నొక్కింది. ఆగింది. మళ్ళీ రెండుసార్లు. ఆగింది. మళ్ళీ రెండుసార్లు. ఆ ప్రశాంతమైన మొహానికీ ఆ చేతికీ సంబంధమే లేనట్టు, గోడ అవతల ఎవరో తలుపు తడుతున్నట్టు.

“బాబాయిగారూ, ఈ చెయ్యి పట్టుకోండి! వదలొద్దు!”

పట్టుకున్నాను. వకుళమ్మ పెట్టె గొట్టం పీకేసి, తన సూది గుచ్చింది. “నన్ను ఆపడానికి కారణం చెప్పండి,” అంటోంది పెట్టె, అదే తియ్యటి గొంతుతో. “కారణం చెప్పండి.” నాంచారమ్మ గోళ్ళు నా అరచేతిలో దిగాయి. రెండు. రెండు. తరవాత ఒకటి, సగంలో ఆగిపోయింది. వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

“ఇప్పుడు పడుకుంది,” అంది వకుళమ్మ.

మిగతా గంటా ఆవిడ తల దగ్గరి నుంచి కదలలేదు. ఊపిరి చూసింది, కనుపాప చూసింది, గోళ్ళ రంగు చూసింది, చుక్క చుక్క లెక్కపెట్టి మందు పోసింది, రెండు నిమిషాలకోసారి పేరు పెట్టి పిలిచింది. సూది పొడవడం ఆవిడ పనిలో మొదటి అక్షరమేనని నాకు అప్పుడు తెలిసింది. మిగతా బాలశిక్షంతా ఆ తరవాతే ఉంది.

అంతా అయ్యాక ఆదిశేషు చేతి తొడుగులు విప్పకుండానే స్టూలు మీద కూలబడ్డాడు.

“ఎన్ని చేశారు దీని కింద?” అని అడిగింది వకుళమ్మ.

“పదకొండు వందల ముప్పై.”

బల్ల మీద నాంచారమ్మ కదిలింది. కళ్ళు తెరిచింది. పీకేసింది గొట్టమే గానీ టోపీ ఇంకా తలకే ఉంది.

“మీకేమైనా తెలిసిందా?” అంది పెట్టె.

“ఏం తెలవలేదు,” అంది మా ఆవిడ మత్తుగా నవ్వుతూ. “హాయిగా పడుకున్నా.”

పచ్చదీపం వెలిగింది.

ఆదిశేషు ఆ రోజే పెట్టె వైరు పీకేశాడు. ఆటోలో మైకు తీయించేశాడు. వకుళమ్మ దుప్పటి తీసి పాత మిషనును మళ్ళీ ఆసుపత్రికి పంపింది. పెట్టె చేసిన కంపెనీకి జరిగిందంతా ఇద్దరూ రాసి పంపారు. రోగి తనకేమీ తెలియలేదని చెప్పినట్టు మా దగ్గర నమోదై ఉంది, ధన్యవాదాలు అని జవాబొచ్చింది. ఆ పెట్టెలు ఇంకా ఎన్ని ఊళ్ళలో ఉన్నాయో వకుళమ్మ చెప్పబోయింది. వద్దమ్మా అన్నాను.

నెల తరవాత ఆవిడ వేరే టౌన్లో ఒక ఆసుపత్రికి పోయి, అక్కడి పెట్టెను చూసి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

“కొత్త ప్రశ్నలు నేర్చుకుంది బాబాయిగారూ. ఇప్పుడు హాల్లో అడగడం లేదు. ముందు ఇంటివాళ్ళను బయటికి పంపమంటోంది. తలుపు వేశాక, కల్లు రోజుకు ఎన్ని ముంతలు, మీ ఇంట్లో చెప్పను, అంటోంది.”

“మంచిదేగా అమ్మా. మీరు అడిగినట్టే అడుగుతోంది.”

“నేను అడిగింది నిద్ర సరిపోవాలని. అది అడిగేది తుడుపు సరిపోవాలని. మీలాంటివాళ్ళు ఇంకొకరు మిగలకుండా. ఇంకోటి కూడా అంటోంది. పడుకునే ముందు చేతులకున్న దారాలు, పట్టీలు అన్నీ విప్పేయండి, అని.”

దానికెవరూ నేర్పలేదు. నా దగ్గరా, నాంచారి దగ్గరా నేర్చుకుంది; ఒక పెట్టె చూసింది పెట్టెలన్నిటికీ తెలుస్తుందట.

అందుకే చెబుతున్నాను. మీరు ఎక్కడైనా బల్ల ఎక్కవలసి వస్తే, కోసేదెవరని తరవాత అడగండి. మత్తిచ్చేదెవరని ముందు అడగండి. పేరు అడగండి, మొహం చూడండి, నేను లేచేదాకా ఉంటారా అని అడగండి. ఇంట్లో దాచినదేదైనా ఉంటే ఆ మనిషికి దాచకుండా చెప్పండి. చెప్పేది కోతల భావన్న అని కొట్టిపారేస్తే మీ ఇష్టం.

నాంచారమ్మకు కళ్ళ పచ్చదనం పోయింది. నాతో మాట్లాడడానికి ఇరవై రోజులు పట్టింది. అది కల్లు కోపం. నేను ఒక్క చుక్క ముట్టడం లేదు. వకుళమ్మే దగ్గరుండి మెల్లమెల్లగా మానిపించింది. అది ఇంకో నరకం, అది తరవాతెప్పుడైనా.

నిన్న అన్నాలయ్యాక గుమ్మంలో చాప వేసుకుని పడుకుంది. నేను పక్కన కూర్చుని చిక్కుపడ్డ పోగులు విడదీస్తున్నాను.

“ఏమయ్యా,” అంది కళ్ళు మూసుకునే. “ఆ రోజు నువ్వు లోపల ఉన్నావుగా. ఏమన్నా అయిందా? నిజం చెప్పు.”

ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ రంగులద్ది, అంచులు పెట్టి, జరీ వేసి చెప్పినవాణ్ణి. ఈ ఒక్కటీ తెల్లగుడ్డలా చెప్పాను.

“ఏం కాలేదే. హాయిగా పడుకున్నావు.”

“చూశావా. నేను ముందే చెప్పా,” అంది. ఆ మాట మీదే నిద్రలోకి జారింది. ఈసారి నా మాట నమ్మింది.

ఆమె ఎడమచెయ్యి చాప మీద వెల్లకిలా పడి ఉంది. పోగులు పక్కన పెట్టి ఆ చేతిని నా చేతిలోకి తీసుకున్నాను.

వేళ్ళు మూసుకున్నాయి. రెండుసార్లు నొక్కింది. ఆగింది. మళ్ళీ రెండుసార్లు. మొహం మాత్రం ప్రశాంతంగా, ముడత లేకుండా ఉంది.

వినబడిందని నేను ఒకసారి నొక్కాను.

కాసేపు ఆగి, ఆమె మళ్ళీ రెండుసార్లు నొక్కింది.